ఆకూ గడ్డా

“మాస్టారూ, నేల లోపల ఊరేవన్నీ మానెయ్యండి. నేల పైన పెరిగే ఆకులన్నీ తినండి.”

చక్కెరవ్యాధి ఉన్నదని తేలిన నాడు కర్నూలులో ఒక వైద్యుడు నాకు చేసిన ఉపదేశం ఇది. రెండే వాక్యాలు. సూత్రగ్రంథాలు వల్లె వేసిన వాణ్ణి గనుక అల్పాక్షరమైన మాట పట్ల నాకు స్వతస్సిద్ధమైన గౌరవం ఉన్నది. అయితే సూత్రం వినగానే దానిలో అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు వెదకడం కూడా ఆ చదువే అంటగట్టిన దురలవాటు. బస్సు తుంగభద్ర వంతెన దాటి అలంపురం చౌరస్తా చేరేలోగానే చిక్కులు మొదలయ్యాయి. ముల్లంగి నేల లోపలిదే. నూరు గ్రాముల ముల్లంగిలో ఉండే శక్తి 17 కేలరీలు. చిలగడదుంపా నేల లోపలిదే, దానిలో 120. ఒకే నిషేధవాక్యం కింద ఈ రెండింటినీ కట్టివేయడం న్యాయమా? వేరుసెనగ కూడా నేల లోపలే ఊరుతుంది కదా, దానిని గడ్డల్లో చేర్చేదెవరు? ఇంటికి వచ్చి ఈ సందేహాలన్నీ మా ఆవిడ ముందు పెడితే, ఆమె ఓపికగా విని, “ఆయన చెప్పింది మీకు, వ్యాకరణానికి కాదు” అన్నది.

ఆనాటి నుంచి మా ఇంట ఆకుకూరల ప్రభుత్వం నడుస్తున్నది. నేను విధేయుడనైన ప్రజను. కానీ ఆకు గొప్పదా, గడ్డ గొప్పదా అన్న ప్రశ్న నాకు చక్కెరతో మొదలైంది కాదు. ఆ ఖాతా 1986లో తెరుచుకున్నది. అది చెప్పడానికి ముందు కొంత సామగ్రి పరచుకోవాలి. మిత్రులు ఓపిక పట్టాలి.

మాటలతోనే మొదలు పెడతాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే గనుక. కోస్తావారు దుంప అన్నదానిని మేము గడ్డ అంటాం. ఆలుగడ్డ, చామగడ్డ, కందగడ్డ, ఉల్లిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మా సీమ పేరు నడిగడ్డ. నేలా గడ్డే, నేలలో ఊరేదీ గడ్డే, ఒంటి మీద లేచే వాపూ గడ్డే. లోపల ఏదో నిండి ఉబికినదల్లా గడ్డ అనుకుంటే మూడర్థాలూ ఒక్క తాటి మీదికి వస్తాయి. ఇక కూర అన్న మాట చూడండి. వంకాయను వండితేనే అది కూర అవుతుంది. వండకముందు అది కాయే. ఆలుగడ్డా అంతే. తోటకూర, చుక్కకూర, మెంతికూర, పొన్నగంటికూర మాత్రం మడిలో ఉండగానే కూరలు. పొయ్యి మీదికి ఎక్కకుండానే ఆ బిరుదు దక్కినది ఒక్క ఆకుకే. మన భాష దృష్టిలో ఆకే అసలైన కూర అని, తక్కినవి తరువాత వచ్చి ఆ పేరు అరువు తెచ్చుకున్నవని నా అభిప్రాయం.

అయినా మర్యాదలో గడ్డదే పైచేయి. మునులు కందమూలాలు తిన్నారంటే అది తపస్సు. మనిషి ఆకులూ అలములూ తిన్నాడంటే అది దారిద్ర్యం. తిట్టేటప్పుడు కూడా “నీ దుంప తెగ” అంటారు గాని “నీ ఆకు రాల” అని ఎవరూ అనరు. ఆకు రాలితే మళ్ళీ పుడుతుంది, దుంప తెగితే వంశమే పోయినట్లు. పదహారవ శతాబ్దంలో భావమిశ్రుడు తన భావప్రకాశంలో శాకాన్ని ఆరు విధాలు చేశాడు: ఆకు, పువ్వు, కాయ, కాడ, గడ్డ, చివరకు పుట్టగొడుగుల వంటివి. ఈ వరుసలో ముందుదాని కంటే తరువాతది గురువు, అంటే అరగడానికి బరువైనది. ఆకు అన్నిటి కంటె తేలిక. వైద్యశాస్త్రంలో గురువంటే పూజ్యుడని కాదు సుమా!

పాతవారు అరుగుదలను బట్టి కొలిస్తే కొత్తవారు తూకాన్ని బట్టి కొలిచారు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ఒక చిన్న విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్నది. అక్కడి గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్ గార్లు మన ఆహారపదార్థాల పోషకవిలువలను పట్టికలు కట్టి 1971లో పుస్తకంగా తెచ్చారు. 1989లో దానిని సవరించారు. 2017లో పూర్తిగా కొత్త పట్టికలే వచ్చాయి. నా దగ్గర ఉన్నది నడిమిది. అట్ట ఊడిపోయి, నిఘంటువుల నడుమ, నిఘంటువంత గౌరవంతోనే ఉన్నది.

ఆ పట్టికల ప్రకారం నూరు గ్రాముల తోటకూరలో కాల్షియం 397 మిల్లీగ్రాములు, సి విటమిను 99 మిల్లీగ్రాములు, మన ఒంట్లో ఎ విటమినుగా మారే కెరోటిన్ 5,520 మైక్రోగ్రాములు. అంతే తూకపు ఆలుగడ్డలో కాల్షియం 10, సి విటమిను 17. కెరోటిన్ చెప్పుకోదగినంత లేదు. మునగాకులో కాల్షియం 440, సి విటమిను 220. ఇలా చూస్తే పోటీయే లేదు. పందెం మొదలు కాకముందే ఆకు గెలిచి కూర్చున్నది.

కానీ పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. పాలకూర, తోటకూర, చుక్కకూర వంటి వాటిలో ఆక్సలేటు అనే ఆమ్లలవణం అధికం. అది కాల్షియాన్ని తనతో బంధించి పట్టుకుపోతుంది. పాలకూరలోని కాల్షియంలో మనకు దక్కేది బహుస్వల్పం. పాలలోని దానితో పోలిస్తే చాలా తక్కువ. మూత్రపిండాలలో రాళ్ళున్నవారిని ఈ కూరలు తగ్గించమనడానికి కారణం అదే. ఇనుము విషయంలో నాకొక పరాభవం కూడా జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సెలవులో ఉంటే ఆ తరగతికి వెళ్ళి, పాత ముద్రణను నమ్మి, తోటకూరలో ఇనుము 25.5 మిల్లీగ్రాములని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను. సవరించిన ముద్రణలో ఆ అంకె 3.49 అయింది. ఆ తరగతి పిల్లలు ఇప్పుడు తాతలైనారు. వాళ్ళను పిలిచి దిద్దించలేను గదా! ఆ 3.49లోనూ ఒంటికి పట్టేది కొద్దిగానే. పులుపు తోడైతే కొంత నయం, తిన్న వెంటనే టీ తాగితే అదీ పోతుంది.

శ్రీనాథుడిదని చెప్పే ఒక చాటువు తెలుగువారికి సుపరిచితం. జొన్నకూడు, చింతచిగురు కలిపి ఉడికించిన బచ్చలికూర తినవలసి వచ్చిందని కవిసార్వభౌముడు శ్రీకృష్ణుడినే సవాలు చేస్తాడు. నలభై ఏళ్ళు ఆ పద్యం చెబుతూ నేను ఆ మహాకవి కష్టానికి జాలిపడేవాణ్ణి. ఇప్పుడు నా పళ్ళెంలోకి చూసుకుంటే, జొన్నరొట్టె, బచ్చలికూర, అందులో చింతచిగురు! పులుపు వల్ల ఇనుము పట్టేలా, ముతకధాన్యం వల్ల చక్కెర నిదానంగా ఎక్కేలా, మా వైద్యుడు మెచ్చుకునేలా ఉన్నది. పాపం, శ్రీనాథుడికి కావలసినది వేరు.

ఆకుకూ గడ్డకూ ఇంత తేడా ఎందుకు వచ్చింది? నాకు అర్థమైనంతలో, ఆకు మొక్కకు వంటిల్లు, గడ్డ గాదె. వంటింట్లో పని నడుస్తూ ఉంటుంది గనుక అక్కడ అన్ని దినుసులూ ఉంటాయి, కొద్ది కొద్దిగా. గాదెలో ఒక్కటే ఉంటుంది, నిండుగా. ఆ ఒక్కటీ పిండిపదార్థం. వెలుతురును పట్టి వంట చేసే ఆకుపచ్చని పదార్థానికి తోడుగా కెరోటిన్ ఉండక తప్పదు. చీకట్లో దాచిన గడ్డకు దానితో పని లేదు. క్యారెట్టు ఈ నియమానికి అపవాదం. వ్యాకరణంలోనే అపవాదాలు ఉండగా పొలంలో ఉండవా! మరో తమాషా, మేము గడ్డ అని పిలుచుకునే ఉల్లి అసలు గడ్డే కాదు. పొరలు పొరలుగా వచ్చేవన్నీ ఆకుల మొదళ్ళే. అంటే మా వైద్యుని సూత్రం ప్రకారం ఉల్లిని నేల లోపలిదని మానవలెనా, ఆకు గనుక తినవలెనా? ఈ ప్రశ్న ఆయనను అడగవద్దని మా ఆవిడ ఆజ్ఞ.

ఆకు నుంచి పేరు తెచ్చుకున్న పోషకం ఒకటి ఉన్నది, ఫోలిక్ ఆమ్లం. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారట. 1941లో పాలకూర ఆకుల నుంచి దానిని వేరు చేసి ఆ పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన యౌవనంలో ఉండగా సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో రోజుల తేడాలో మరణించారు. ఆ వ్యాధికి పనికివచ్చే మందులలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దానిని ఆయన బృందం లోకానికి అందించేనాటికి సోదరులు పోయి పాతికేళ్ళు. ఈ సంగతి చదివిన రోజు నేను ఆ పుస్తకం మూసి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. ఆలస్యంగా తెలిసిన మందు ఎట్లా ఉంటుందో నాకూ కొంచెం తెలుసు.

1986 సంగతికి వస్తాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. తుంగభద్ర ఒడ్డున ఒక ఊళ్ళో ఉన్నత పాఠశాల. ఏడవ తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది గనుక చలికాలం నుంచీ సాయంత్రం తరగతులు పెట్టేవాళ్ళం. ఊరికి కరెంటు వచ్చిందిగాని సాయంత్రం వేళ ఉండేది కాదు. రెండు లాంతర్లు పెట్టి చదివించేవాళ్ళం. ఆ తరగతిలో ఒక పిల్లవాడు. పగలు పద్యం ఇస్తే పదచ్ఛేదంతో గడగడ చదివేవాడు. మంచి గొంతు, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. అదే పిల్లవాడు దీపాలవేళ పుస్తకం ముందు పెడితే నోరు మెదిపేవాడు కాదు. బయటికి వెళ్ళేటప్పుడు గడపకు తన్నుకుని పడేవాడు. పిల్లలు నవ్వేవారు. సాయంత్రం తరగతి ఎగవేయడానికి వేస్తున్న వేషమని నేను నిశ్చయించుకున్నాను. మూడేళ్ళ ఉపాధ్యాయుడికి ఉండే నిశ్చయాలు ముప్పై ఏళ్ళ ఉపాధ్యాయుడికి ఉండవు.

ఒకనాడు చింతబరికె తీసుకున్నాను. చేయి చాపమన్నాను. వాడు చాపాడు. కానీ నేను నిలబడ్డ వైపు కాదు, కొంచెం పక్కకు. నేను ఆ చేతిని పట్టి నా వైపు తిప్పుకుని మరీ కొట్టాను. రెండు చేతుల మీద నాలుగేసి. ఆ పక్కకు చాపిన చేయి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నది. ఆ వేళ మాత్రం, అంత స్పష్టంగా చూసి కూడా, అది ఎందుకు పక్కకు పోయిందో నేను ఆలోచించలేదు.

మరునాడు పొద్దున వాడి అవ్వ వచ్చింది. గంప దించి, అందులోంచి నాలుగు ముల్లంగిగడ్డలు తీసి అరుగు మీద పెట్టింది. కొట్లాటకు రాలేదు. అదే నాకు మరీ కష్టంగా తోచింది.

“వాడు కావాలని చేస్తలేడు సారూ. పొద్దుగూకితే వానికి కండ్లు ఆనవు. కంచంల రొట్టె గూడ తడుముకుంటడు” అన్నది.

వాణ్ణి వెంటబెట్టుకుని ఆరోగ్యకేంద్రానికి పోయాను. అక్కడి వైద్యుడు వాడి ముఖం వెలుతురు వైపు తిప్పి రెప్ప ఎత్తాడు. నల్లగుడ్డుకు పక్కగా, తెల్లగుడ్డు మీద, బూడిదరంగులో ఆరిపోయిన సబ్బునురుగు వంటి చిన్న మచ్చ. రెండో కంట్లోనూ ఉన్నది. “రేచీకటి. ఈ మచ్చ పగలు మామూలుగానే కనపడుతుంది మాస్టారూ” అన్నాడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఐదు నెలలుగా ఆ ముఖాన్ని నేను రోజూ ఎదురుగా చూస్తున్నాను.

ఎ విటమిను లోపం వల్ల పిల్లలకు చూపు పోకుండా ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల మోతాదు నోట్లో పోసే కార్యక్రమం మన దేశంలో 1970లోనే మొదలైంది. దానికి ఆధారం హైదరాబాదు పోషకాహార సంస్థ చేసిన పరిశోధనే. కానీ అది ఐదేళ్ళ లోపు వారికి. ఆ వయసులో వీడికి అందిందో లేదో అవ్వకు గుర్తు లేదు. వైద్యుడు ఆ నూనెమందే ఆ రోజు ఒకసారి, మరునాడు ఒకసారి, రెండు వారాలకు మరొకసారి ఇచ్చాడు. వారం తిరగకుండానే పిల్లవాడు లాంతరు దగ్గర పద్యం చదివాడు. నేను బాగుందన్నాను. అంతే అన్నాను.

ఆ తరువాత ఒక ఆదివారం ఏటి ఒడ్డున వాళ్ళ మడికి వెళ్ళాను. ఎండాకాలానికి నీరు వెనక్కి తగ్గిన చోట, ఒండ్రు ఇసుకలో ముల్లంగి వేసుకున్నారు. అవ్వ వంగి గడ్డ పెరకడం, ఒక్క మెలికతో ఆకులకట్ట తుంచడం, ఆకు ఎడమవైపు విసరడం, గడ్డ కుడివైపు గంపలో వేయడం, అన్నీ ఒక్క చేతివాటంలో జరిగిపోతున్నాయి. ఎడమవైపు బర్రె కట్టేసి ఉన్నది.

“ఆకు ఎందుకవ్వా పారేస్తున్నావు?” అన్నాను.

“ఆకెవరు కొంటరు సారూ, బరువు దండుగ. పిల్లగానికి పెడితే కడుపు జారుతది” అన్నది.

అప్పుడు నాకు అది సబబుగానే తోచింది. మా ఇంట్లోనూ ముల్లంగి ఆకు చెత్తబుట్టకే పోయేది. పట్టికల పుస్తకం చేతికి వచ్చాక, పదేళ్ళ తరువాత, ఒక రాత్రి ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తెల్ల ముల్లంగిగడ్డ: కాల్షియం 35, సి విటమిను 15, కెరోటిన్ 3. ముల్లంగి ఆకు: కాల్షియం 265, సి విటమిను 81, కెరోటిన్ 5,295. ఒకే మొక్క. పైసగం కిందిసగం. మూడుకూ, ఐదువేల రెండువందల తొంభై ఐదుకూ నడుమ అవ్వ చేతి మెలిక ఒక్కటే. గడ్డ సంతకు పోయింది, ఆకు బర్రెకు పోయింది, ఆ బర్రె పాలు అలంపురంలో హోటలుకు పోయాయి, పిల్లవాడికి జొన్నరొట్టె, ఎండుమిరపకారం మిగిలాయి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. గంప బరువు తగ్గించుకున్నారు, అంతే.

అవ్వకు ఆకు తినిపించమని నేను శాస్త్రం చెప్పలేదు. మందు అని చెప్పాను. కూర అంటే వినని మనిషి మందు అంటే వింటుంది. పప్పులో పుంటికూర, తోటకూర వేయడం, పైన నాలుగు చుక్కల నూనెతో తాలింపు పెట్టడం మొదలు పెట్టింది. ఆ నూనె లేకపోతే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదని నాకు తరువాత తెలిసింది. తాలింపు కనిపెట్టిన తల్లికి ఏ పట్టికా చూసే అవసరం రాలేదు.

ఇంతవరకూ చదివి ఆకు పక్షం గెలిచిందని తీర్పు చెప్పకండి. గడ్డ తరఫున నేనే సాక్ష్యం చెప్పాలి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్ళోకి వచ్చింది. శ్రీశైలం జలాశయం వెనుకనీటికి, పైనుంచి వచ్చిన వరదకు నడుమ కర్నూలు, మేము, నదుల ఒడ్డున ఊళ్ళన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక పెరటిలో మోకాటిలోతు ఒండ్రు. ఏ మడీ లేదు, ఏ పాదూ లేదు. ఎక్కడెక్కడి నుంచో లారీలలో వచ్చిన బియ్యం, ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు మమ్మల్ని నిలబెట్టాయి. ఆకుకూర లారీలో రెండు రోజులు బతకదు. మూడోనాడు అది ఎరువు. గడ్డ ఓర్చుకుంటుంది. తడిసి, ఒరుసుకుని, గోనెలో నలిగి, అయినా తినదగ్గట్టు వస్తుంది. వరదలో ఇల్లు పోయి బడిలో తలదాచుకున్న మనిషికి సి విటమిను గురించి చెబితే పాపం తగులుతుంది. అక్కడ కావలసింది కడుపు నిండటం. ఆకుతో కడుపు నిండిన కథ నాకు ఒక్కటే తెలుసు. అక్షయపాత్ర అంచున అంటుకున్న చిన్న ఆకుముక్క శ్రీకృష్ణుడు నోట వేసుకుంటే దుర్వాసుడికీ శిష్యులకూ త్రేన్పులు వచ్చాయి. ఆ తినేవాడు వేరు. నూరు గ్రాముల తోటకూరలో 45 కేలరీలు. దానితో బతకాలంటే మనిషి పొద్దస్తమానం బర్రెలాగ మేయాలి.

అయితే ఆ ఒండ్రు ఆరీ ఆరకముందే మా ఆవిడ తోటకూర గింజలు చల్లింది. పాతిక రోజులకు కోతకు వచ్చింది. ముల్లంగికి నలభై యాభై రోజులు, చిలగడదుంపకు నాలుగు నెలలు, కందకు ఎనిమిది నెలలకు పైమాటే. వరద తరువాత మా పెరటిలో పుట్టిన మొదటి పచ్చదనం ఆ కూరే. నెల రోజుల ఆలుగడ్డల తరువాత ఆనాటి తోటకూరపప్పు రుచి చెప్పడానికి నా దగ్గర ఉన్న అలంకారశాస్త్రం చాలదు. పోషకాహార సంస్థవారు 2011లో ప్రచురించిన మార్గదర్శకాలలో పెద్దవారికి రోజుకు ఆకుకూర 50 గ్రాములు, గడ్డలు 50 గ్రాములు, తక్కిన కూరగాయలు 200 గ్రాములు అన్నారు. గర్భవతులకు ఆకుకూర 100. ఇంత కొలిచినవారు కూడా ఒకదానికి పట్టం కట్టి రెండోదాన్ని వెళ్ళగొట్టలేదు.

కొనే ఆకుకూర గురించి నాకు దిగులు లేదు. అది ఏదో ధరకు దొరుకుతుంది. దిగులు కొనకుండా దొరికేదాని గురించి. గంగవాయిలికూర, పొన్నగంటి, తుమ్మి, చెంచలి, ఎవరూ విత్తనం వేయని తోటకూర, ఇవన్నీ చేలగట్ల మీద, జొన్నచేలలో సాళ్ళ నడుమ వచ్చేవి. కలుపు తీయను పోయిన ఆడవాళ్ళు సాయంత్రం ఒడిలో కూర తెచ్చేవారు. కూలికి కూలి, కూరకు కూర. ఇప్పుడు గద్వాల చుట్టూ పత్తివిత్తనం పంట. కలుపును మనుషులు తీయరు, మందు తీస్తుంది. ఆ మందుకు ఏది కలుపో ఏది కూరో తెలియదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ అభివృద్ధి సంఘం మహిళలు ఇటువంటి సాగుచేయని కూరల పేర్లు, గుణాలు రాసి భద్రపరిచారని చదివి సంతోషించాను. మా వైపు ఆ పని జరగకముందే చాలామంది అవ్వలు వెళ్ళిపోయారు. గంగవాయిలి అన్న మాటను మా మనవరాలు ఒక ఊరి పేరనుకున్నది.

గడ్డల వైపు నుంచి మాత్రం ఒక మంచి వార్త. మా ఊళ్ళో మహాశివరాత్రి అంటే చిలగడదుంపల పండుగ కూడా. బాలబ్రహ్మేశ్వరుని దర్శనానికి వచ్చే ఉపవాసుల కోసం బజారు పొడవునా ఎర్రతోలు గడ్డల కుప్పలు పోస్తారు. తోలు ఎరుపే గాని లోపల తెలుపు. పట్టికలో దాని కెరోటిన్ 6. అంటే కంటికి ముల్లంగిగడ్డ ఎంతో అదీ అంతే. లోపల నారింజరంగు ఉండే చిలగడదుంప మాత్రం కెరోటిన్ గని. మొజాంబిక్, ఉగాండా దేశాలలో పిల్లల ఎ విటమిను లోపాన్ని తగ్గించడానికి దానిని వ్యాప్తిలోకి తెచ్చిన శాస్త్రవేత్తలు ముగ్గురికి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ భూసోనా అనే నారింజరంగు రకాన్ని విడుదల చేసింది. దానిలో నూరు గ్రాములకు కెరోటిన్ 14 మిల్లీగ్రాముల వరకు ఉంటుందని వారి లెక్క. మైక్రోగ్రాములలో చెప్పుకుంటే పద్నాలుగు వేలు. గాదెలోనే వంటిల్లు పెట్టినట్లు! మా శివరాత్రి కుప్పలలో దాని కోసం ఏటా వెదుకుతున్నాను. అమ్మేవాళ్ళు గడ్డ విరిచి చూపించమంటే విసుక్కుంటారు. ఇంతవరకు నాకు తెల్లనివే విరిగాయి.

పోయిన శివరాత్రి ముందటి సాయంత్రం ఒక మనిషి గోనెసంచీ భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. మీసాలు నెరిశాయి. గొంతు విన్నాక గుర్తుపట్టాను. హైదరాబాదు, బెంగుళూరుల మధ్య లారీ నడుపుతున్నాడట. బండి చౌరస్తాలో పెట్టి వచ్చాడు. సంచీ నిండా చిలగడదుంపలు. మా ఆవిడ సంచీ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

“పగలు పండుకుంట సారూ, రాతిరి నడుపుత. రాతిరైతే రోడ్డు ఖాళీగుంటది, నాకు అదే మంచిగుంటది” అన్నాడు.

అవ్వ పోయి ఇరవై ఏళ్ళట. మడి జలాశయంలో ఎన్నిసార్లు మునిగిందో, ఎన్నిసార్లు తేలిందో చెప్పాడు. కాఫీ తాగాడు. మా మనవరాలు పక్కన కూర్చుని వింటున్నది. దాని తల మీద చెయ్యి వేసి నవ్వుతూ, “మీ తాత ఒకపారి నన్ను కొట్టిండమ్మా, ఇగ సూడు, ఆ దెబ్బలకే నాకు కండ్లొచ్చినయి” అన్నాడు. వెక్కిరింత కాదు. వాడు నిజంగా అట్లాగే అనుకుంటున్నాడు, నలభై ఏళ్ళుగా నలుగురికీ అట్లాగే చెబుతున్నాడు.

ఆ మాట దిద్దుదామని నోరు తెరిచాను. నూనెమందు, ముల్లంగి ఆకు, పక్కకు చాపిన చేయి, ఏది ముందు చెప్పాలో కుదరలేదు. ఇంతలో కరెంటు పోయింది. మా ఆవిడ దీపం కోసం లోపలికి వెళ్ళింది. “బండికాడ క్లీనరొక్కడే ఉన్నడు సారూ, పోయొస్త” అని వాడు లేచి, ఎత్తుపల్లాల మా మెట్లు మూడూ ఎక్కడా తడమకుండా దిగి, ఆ చీకట్లో బస్టాండు వైపు నడిచిపోయాడు.